గోకర్ణ, జోగ్, శిరసి ట్రిప్: ఏ ఊళ్ళు పెట్టుకోవాలో తేల్చుకునే ముందు కొన్ని అపోహలు, వాస్తవాలు

ట్రిప్‌లు ప్లాన్ చేయడమే నా పని. అందులోనూ ఎక్కువగా ఉత్తర కన్నడ వైపు, అంటే ఒక పక్క అరేబియా సముద్రం, ఇంకో పక్క పడమటి కనుమల అడవి, మధ్యలో ఇరుకైన నేల ఉండే కర్ణాటక తీరం. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి ఫోన్లు వస్తుంటాయి. "అన్నా, నాలుగు రోజులు ఉన్నాయి, ఈ లిస్టులో ఉన్నవన్నీ కవర్ అవ్వాలి" అని వాట్సాప్‌లో పన్నెండు పేర్లు పంపుతారు. లిస్టులో ఊళ్ళన్నీ మంచివే. కానీ ఏ నెలలో వెళ్తున్నారు, ఘాట్‌కి ఏ వైపు పడుకుంటున్నారు అన్న రెండు ప్రశ్నలు ఎవరూ వేసుకోరు, ట్రిప్ బాగుండేదీ పాడయ్యేదీ మాత్రం ఆ రెండింటి దగ్గరే.

అపోహ: మ్యాప్‌లో అన్నీ పక్కపక్కనే ఉన్నాయి, రోజుకు మూడు చూసేయొచ్చు.

పక్కపక్కనే ఉన్న మాట నిజమే, కానీ కొన్ని కింద ఉన్నాయి, కొన్ని కొండ మీద ఉన్నాయి. గోకర్ణ, కుమటా, హొన్నావర, మురుడేశ్వర్ సముద్రం ఒడ్డున, 66వ నంబర్ జాతీయ రహదారి మీదో దానికి దగ్గర్లోనో ఉంటాయి. శిరసి, జోగ్ జలపాతం, దండేలి, యల్లాపుర కనుమల పైన. ఈ రెంటి మధ్య ఎటు వెళ్ళినా ఘాట్ రోడ్డు ఎక్కాల్సిందే, కుమటా నుంచి శిరసికి దేవిమనె ఘాట్, అంకోలా నుంచి యల్లాపురకి అరబైల్ ఘాట్, హొన్నావర నుంచి జోగ్‌కి గేరుసొప్ప ఘాట్. హొన్నావర నుంచి జోగ్ 60 కిలోమీటర్లే అని చూసి గంటలో వెళ్ళిపోతాం అనుకుంటారు, మలుపులు, ముందు లారీ, మధ్యలో ఒక టీ కలిపి రెండు గంటలు వేసుకోండి. పొద్దున ఎక్కి సాయంత్రం దిగితే అదొక రోజు పని, ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకూడదు.

ఒక కుటుంబం నేను చెప్పినా వినకుండా పొద్దున గోకర్ణ, మధ్యాహ్నం యాణ (అడవిలో నల్లటి రాతి శిఖరాలుండే చోటు), రాత్రికి దండేలి అని పెట్టుకున్నారు. వెనక సీట్లో ఆరేళ్ళ పాప. యాణ దగ్గర మెట్లు ఎక్కి దిగి అలసిపోయి, టిఫిన్ సరిగా తినక, తర్వాతి ఘాట్‌లో నాలుగో మలుపు దగ్గర మొదలైన వాంతులు పైదాకా ఆగలేదట. చీకటి పడ్డాక అడవి రోడ్డు పక్కన కారు ఆపి, వాళ్ళమ్మ ఫోన్ టార్చ్ వెలుతురులో పాప ముఖం కడుగుతూ నాకు ఫోన్ చేసింది. దండేలి చేరేసరికి రాత్రి పదకొండు. ఇప్పటికీ ఆ ఫోన్ గుర్తుంటుంది నాకు, ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉండాల్సింది అనిపిస్తుంది.

నేను ఇచ్చే ప్లాన్ ఇలా ఉంటుంది. నాలుగు రోజులైతే రెండే చోట్ల పడక, రెండు రాత్రులు కింద (గోకర్ణ గానీ కుమటా, హొన్నావర గానీ), రెండు రాత్రులు పైన (శిరసి గానీ, జోగ్ పక్కనున్న సాగర గానీ). ఘాట్ ఒక్కసారి ఎక్కడం, ఒక్కసారి దిగడం, అదీ పగటిపూట. మూడు రోజులే ఉంటే ఏదో ఒక వైపే ఉండిపోండి. ఇలా చెప్తే కొంతమందికి కోపం వస్తుంది, ఫరవాలేదు.

అపోహ: జలపాతాలు చూడాలంటే జూలైయే కరెక్ట్.

వర్షాకాలం అంటే మన మనసులో ఉండే వాన వేరు. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం కలిపి పడేది సుమారు 800 మిల్లీమీటర్లు. ఈ తీరంలో 3,000 దాటుతుంది, ఘాట్ మీద ఆగుంబెలో 7,000 దాటుతుంది, అందులో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడిపోతుంది. మన దగ్గర వాన వచ్చి వెళ్తుంది. అక్కడ వచ్చి ఉండిపోతుంది.

2024 జూలై 16న అంకోలా దగ్గర శిరూరులో కొండచరియ విరిగి జాతీయ రహదారి మీద పడింది. టీ కొట్టు దగ్గర ఆగిన మనుషులు, వాహనాలు గంగావళి నదిలో కలిసిపోయాయి. లారీతో సహా నదిలో పడిపోయిన డ్రైవర్ మృతదేహం దొరకడానికి రెండు నెలలు దాటింది. హైదరాబాద్ నుంచి హుబ్బళ్ళి మీదుగా గోకర్ణ వెళ్ళేవాళ్ళు దాటేది ఆ రోడ్డే. భయపెట్టడానికి చెప్పడం లేదు, జూలైలో చిన్నపిల్లలతో, పెద్దవాళ్ళతో సొంత కారులో వస్తామంటే నేను వద్దనే చెప్తాను.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ నెలల్లో సగం ప్లేసులు మూసే ఉంటాయి. ఉడుపి దగ్గర మల్పె నుంచి సెయింట్ మేరీస్ దీవికి పడవలు ఆగిపోతాయి, మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవికి స్కూబా డైవింగ్ ఉండదు. కొంకణ్ రైల్వే వర్షాకాలం టైమ్‌టేబుల్‌లోకి వెళ్ళిపోతుంది, రైళ్ళు నెమ్మదిగా నడుస్తాయి, టైమింగులు మారిపోతాయి. సముద్రం చేపల కోసం వచ్చేవాళ్ళకు ఒక మాట: మన తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అయితే, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా. మన లెక్కతో జూన్ 20న దిగి తాజా చేప అడిగితే ఎక్కడ దొరుకుతుంది?

నన్నడిగితే సెప్టెంబర్ చివరి వారం నుంచి నవంబర్ దాకా. వాన తగ్గుముఖం పడుతుంది, అడవి ఇంకా పచ్చగానే ఉంటుంది, జలపాతాల్లో నీళ్ళుంటాయి, సముద్రం మెల్లగా నెమ్మదిస్తుంది.

అపోహ: జోగ్ ఎప్పుడు వెళ్ళినా ఫోటోల్లోలాగే ఉంటుంది.

ఉండదు. శరావతి నది 253 మీటర్ల ఎత్తు నుంచి రాజా, రాణి, రోరర్, రాకెట్ అని నాలుగు పాయలుగా పడుతుంది, నిజమే. కానీ దానికి కొంచెం ఎగువనే 1964లో కట్టిన లింగనమక్కి డ్యామ్ ఉంది, నీళ్ళు కరెంటు కోసం మళ్ళుతాయి. మార్చిలో వెళ్తే నల్లటి బండ మీద సన్నటి తెల్ల గీతలు కనిపిస్తాయి, అంతే. పోనీ జూలైలో వెళ్తే నీళ్ళు బ్రహ్మాండంగా ఉంటాయి, కానీ పొగమంచు కమ్మేస్తే శబ్దం తప్ప ఏమీ తెలియదు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేనే ఒక పెద్దాయన్ని, ఆయన భార్యని జూలైలో పంపాను. మూడు గంటలు గొడుగు పట్టుకుని నిలబడితే రెండు నిమిషాలు తెర తొలిగిందట. ఆ రెండు నిమిషాల గురించి ఆయన చాలా సంతోషంగా చెప్పారు కానీ, అంత దూరం వచ్చిన వాళ్ళని అలా అదృష్టానికి వదిలేయకూడదని నాకు అప్పుడే అర్థమైంది. అందుకే జోగ్ కోసం వెళ్ళేవాళ్ళని పక్కనే సాగరలో ఒక రాత్రి పడుకోమంటాను, సాయంత్రం కనపడకపోతే మళ్ళీ పొద్దున వెళ్ళొచ్చు.

అపోహ: మేం వైజాగ్ వాళ్ళం, సముద్రం మాకు కొత్త కాదు. పైగా వాన లేనప్పుడు ఏ బీచ్ అయినా ఒకటే.

ఈ మాట చాలాసార్లు విన్నాను, విన్న ప్రతిసారీ గుండె గుభేలుమంటుంది. 2024 డిసెంబర్‌లో, వానలు పోయి ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో, మురుడేశ్వర్‌లో విహారయాత్రకు వచ్చిన నలుగురు స్కూల్ అమ్మాయిలు మునిగి చనిపోయారు. గోకర్ణలో కూడ్లె, ఓం, హాఫ్ మూన్, పారడైజ్ బీచ్‌లు చూడటానికి బాగుంటాయి కానీ, కొన్ని చోట్ల ఒడ్డు దగ్గరే రాళ్ళు, వాటి మధ్య లోపలికి లాగే ప్రవాహం. అలతో ఒడ్డుకు వచ్చిన నీళ్ళు మళ్ళీ వెనక్కి వెళ్ళే దారి అది, పైకి అక్కడ అలలు తక్కువగా, నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తాయి, అందుకే జనం సరిగ్గా అక్కడే దిగుతారు. ఒకవేళ లాగేస్తే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రండి. ఈత రాకపోతే మోకాళ్ళు దాటి వెళ్ళొద్దు.

పిల్లలు నీళ్ళలో ఆడుకోవాలి అనేది మీ ట్రిప్‌లో ముఖ్యమైతే బీచ్‌ని ఫోటో చూసి కాదు, లైఫ్‌గార్డ్ ఉన్నాడా లేదా అని చూసి ఎంచుకోండి. హొన్నావర దగ్గర కాసరకోడ్, ఉడుపి దగ్గర పడుబిద్రి బీచ్‌లకు 2020లో, మన రుషికొండతో పాటే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు (శుభ్రత, భద్రత బాగున్న బీచ్‌లకు ఇచ్చేది) వచ్చింది. పిల్లలున్న కుటుంబాలకు నేను ముందు చెప్పేది ఈ రెండే. అక్కడ కూడా ఎర్రజెండా ఉంటే దిగొద్దు.

అపోహ: అడవిలో జాగ్రత్త పడాల్సింది జలగలకే.

జలగ పట్టుకుంటే కాసేపు రక్తం ఆగదు, దురద పెడుతుంది, అంతకుమించి పెద్దగా ఏమీ కాదు. అసలు చూసుకోవాల్సింది పిడుదుల్ని. శివమొగ్గ జిల్లాలోని క్యాసనూరు అడవిలో 1957లో బయటపడిన కోతి జ్వరం ఇప్పటికీ సాగర, సిద్దాపుర, శిరసి, తీర్థహళ్ళి వైపు కనిపిస్తూనే ఉంది. అది పిడుదుల ద్వారా వస్తుంది. చిన్న పిడుదు నువ్వుగింజ కంటే కూడా చిన్నగా ఉంటుంది, ప్యాంటు మీద పాకుతున్నా దుమ్ము అనుకుంటాం. ఎక్కువగా వచ్చేది డిసెంబర్ నుంచి మే దాకా, అంటే సరిగ్గా టూరిస్టు సీజన్‌లో. అలాగని శిరసి మానేయక్కర్లేదు. తోటలో, అడవి దారుల్లో నడిచేటప్పుడు ఫుల్ ప్యాంటు వేసుకుని సాక్సు లోపలికి దోపుకోండి, రాలిన ఆకుల మీద కూర్చోకండి, బసకి రాగానే స్నానం చేసి బట్టలు మార్చండి. చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి వెళ్ళకుండా ఊరివాళ్ళకు చెప్పండి. ఇంటికొచ్చాక జ్వరం, తీవ్రమైన ఒళ్ళు నొప్పులు వస్తే డాక్టర్‌కి ఫలానా చోటికి వెళ్ళొచ్చామని తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ఇక్కడి డాక్టర్‌కి ఆ జ్వరం గుర్తుకు రాకపోవచ్చు.

అపోహ: దండేలి రాఫ్టింగ్‌కి ఎప్పుడు వెళ్ళినా నీళ్ళుంటాయి.

కాళీ నదిలో నీళ్ళు పైన సూపా డ్యామ్ నుంచి ఎంత వదిలితే అంత. బుక్ చేసే ముందు రాఫ్టింగ్ నడుస్తోందా, ఎంత దూరం తీసుకెళ్తారు అని ఫోన్ చేసి కనుక్కోండి.

అపోహ: పేరున్న ప్లేసులు వదిలేస్తే ట్రిప్ వేస్ట్.

నేను పంపినవాళ్ళు తిరిగొచ్చాక ఎక్కువగా మాట్లాడేది లిస్టులో లేని వాటి గురించే. అఘనాశిని నది మీద డ్యామ్ ఒక్కటి కూడా లేదు. అది సముద్రంలో కలిసే చోట ఆటు సమయంలో నీళ్ళు తగ్గితే ఆడవాళ్ళు బురదలో నిలబడి కాళ్ళతో వెతికి ఆల్చిప్పలు తీస్తుంటారు. అక్కడికి దగ్గర్లోనే మిర్జాన్ కోట, పోర్చుగీసువాళ్ళు మిరియాల రాణి అని పిలిచిన చెన్నభైరాదేవిది. గోడల మీద నాచు పట్టి, వానలు వెళ్ళిన కొత్తలో కోటంతా ఆకుపచ్చగా ఉంటుంది.

తెలుగువాళ్ళు తప్పకుండా వెళ్ళాలి అని నేను పట్టుబట్టేది మాత్రం బనవాసి. శిరసి నుంచి గంట లోపే. వరదా నది ఒడ్డున మధుకేశ్వర ఆలయం ఉంటుంది. నాలుగో శతాబ్దంలో మొదలైన కదంబ రాజుల రాజధాని ఈ ఊరు. ఆ కదంబుల లిపి నుంచే తర్వాత మన తెలుగు లిపి, కన్నడ లిపి వచ్చాయి. బస్సు బోర్డు మీద కన్నడ అక్షరాలు మనకి ఎందుకు సగం సగం అర్థమవుతాయో అక్కడ నిలబడితే తెలుస్తుంది. ఎంతోమంది ఆ పక్క నుంచే జోగ్‌కి వెళ్ళిపోతారు, నాకు బాధగా ఉంటుంది.

పైన ఉండే రెండు రాత్రులు వీలైతే రిసార్ట్‌లో కాకుండా వక్క తోట మధ్య ఏదైనా హోమ్‌స్టేలో ఉండండి. అక్కడ తొడెదేవు అని ఒక స్వీటు చేస్తారు. పొయ్యి మీద బోర్లించిన కుండ, దాని మీద చెరకు రసంలో కలిపిన బియ్యప్పిండిని గుడ్డతో ఒక్కసారి పూస్తారు, క్షణంలో కాగితంలా పొర లేస్తుంది, వేడి మీదే మడత పెట్టేస్తారు. మొదటిసారి చూసినప్పుడు నేను ఆ వంటింటి గుమ్మంలో అలాగే నిలబడిపోయాను, అచ్చం ఆత్రేయపురంలో పూతరేకులు తీసే చెయ్యే. అన్ని ఇళ్ళల్లో, అన్ని రోజులూ చేయరు, కాబట్టి రూమ్ బుక్ చేసేటప్పుడే అడిగి పెట్టుకోండి.