కుళ్ళడం వేరు, చివకడం వేరు: చెత్త గురించి అపోహలు - వాస్తవాలు

గోదావరి డెల్టాలో ఒక చిన్న మున్సిపాలిటీ కంపోస్ట్ యార్డులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. పెళ్ళిళ్లకు వెళ్తే భోజనాల దగ్గర నా ఉద్యోగం ఊసు ఎవరూ ఎత్తరు, చేతులు కడుక్కున్నాక మాత్రం చుట్టూ చేరి అడుగుతారు. అడిగేవి ఏటా అవే. అందుకని ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: "మేం వేరుచేసి ఇచ్చినా మీరు బండిలో కలిపేస్తారుగా!"

ఇది వట్టి అపోహేనని చెప్పి తప్పించుకోలేను. మా దగ్గరే ఒక ఏడాది రెండు ఆటోలు మూలపడ్డాయి, ఉన్న ఒక్క ట్రాక్టర్లో అంతా కలిపి ఎత్తేశాం. అది కళ్లారా చూసిన రెండు వీధులవాళ్లు మళ్లీ వేరుచేసి ఇవ్వడానికి ఏడాదిన్నర పట్టింది, వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. తడి, పొడి, ఇంట్లోని ప్రమాదకర చెత్త అని మూడుగా వేరుచేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే రాశారు. ఇంట్లో రెండు నిమిషాల పని అది. అదే కలిసిపోయి యార్డుకొస్తే, పగిలిన ట్యూబ్‌లైటు ముక్కల్ని సాంబారు మెతుకుల్లోంచి చేత్తో ఏరాలి, ఏరేది మా ఆడవాళ్లు. కాబట్టి బండిలో మధ్య అడ్డుపలక ఉందో లేదో చూడండి, లేకపోతే గొడవ పెట్టుకోండి. ఆ గొడవ వార్డు శానిటేషన్ సెక్రటరీతో పెట్టుకోండి, బండి తోసే అమ్మాయితో కాదు.

అపోహ: "ఊరవతల గొయ్యి తీసి పూడ్చేస్తే పోలా?"

ఏ ఊరవతలండీ? మన దగ్గర ఊరవతల అంటే ఇంకొకళ్ల చేను, లేకపోతే రొయ్యల చెరువు, అదీ కాకపోతే కాలవగట్టు. వానాకాలంలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు పడే నేల ఇది. అసలైన ల్యాండ్‌ఫిల్ అంటే అడుగున బంకమట్టి, దానిమీద మందపాటి షీటు పరిచి, చెత్తలోంచి దిగే నల్లటి ఊటను పైపుల్లో పట్టి శుద్ధి చేసేది. మనం డంపింగ్ యార్డు అని పిలిచే గుట్టలు చాలావాటికి అవేమీ ఉండవు, ఊట తిన్నగా భూమిలోకీ, పక్కనున్న బోదెలోకీ దిగుతుంది. ధవళేశ్వరం నుంచి కాలవల్లో వచ్చే నీటితోనే మన ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపుకుంటాం, అది గుర్తుంటే గట్టుమీద చెత్త పొయ్యడానికి చెయ్యి రాకూడదు. పైగా గాలాడని గుట్టలో తడి చెత్త కుళ్ళి మీథేన్ పుడుతుంది. అది వందేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఎండాకాలంలో ఆ గుట్టకి నిప్పంటుకుంటే పైన ఆరినట్టే కనిపిస్తుంది, లోపల రోజుల తరబడి రగులుతూనే ఉంటుంది.

అపోహ: "కంపోస్ట్ అంటేనే కంపు."

నాకు బాగా ఒళ్లుమండే మాట ఇదే, ఎందుకంటే మొదటి ఏడాది దీన్ని నిజం చేసింది నేనే. జూలైలో ముసురు పట్టింది. షెడ్డు నిండితే హోటళ్ల నుంచి వచ్చిన అరిటాకులు, అన్నం, చేపల మార్కెట్ చెత్త ఆరుబయటే పోగేశాను. నాలుగో రోజుకి పోగు అడుగు నుంచి జిగటగా కారడం మొదలైంది, కుళ్ళిన గుడ్ల వాసన. పక్క వీధివాళ్లు కర్రలు పట్టుకు రాలేదు గానీ, ఒక పెద్దాయన వచ్చి "బాబూ, మా ఇంట్లో పశువుల పెంట ఉండేది, ఇలా ఏనాడూ కొట్టలేదు, నువ్వు దీన్ని చివకనివ్వట్లేదు, కుళ్ళబెడుతున్నావ్" అన్నాడు. ఆ ఒక్కమాటలో నా ట్రైనింగ్ అంతా ఉంది. గాలి ఆడితే చివుకుతుంది, ఆడకపోతే కుళ్ళుతుంది.

చేసిందేంటంటే, అంబాజీపేట వైపు నుంచి కొబ్బరి పొట్టు ఒక ట్రాక్టరు తెప్పించి, వరిగడ్డి నరికి, పొరలు పొరలుగా కలిపి పోగు మళ్లీ కట్టాం. వంటింటి చెత్తలో, చేపల చెత్తలో నత్రజని ఎక్కువ. గడ్డి, పొట్టులాంటి వాటిలో కర్బనం ఎక్కువ. ఒక పాలు నత్రజనికి పాతిక ముప్పై పాళ్లు కర్బనం ఉండేలా కలిపితే సూక్ష్మజీవులు ఆగమన్నా ఆగవు. తేమకి మీటరేమీ అక్కర్లేదు, పిడికెడు తీసి పిండితే వేళ్ల సందుల్లో రెండు మూడు బొట్లు రావాలి, ధారగా కారితే పొట్టు కలపాలి, అసలు రాకపోతే నీళ్లు చల్లాలి. పోగు మధ్యలోకి ఇనపచువ్వ గుచ్చి పది నిమిషాలాగి లాగితే పట్టుకోలేనంత కాలాలి. లోపల 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తేనే రోగక్రిములూ కలుపు గింజలూ చాలావరకు చస్తాయి. వారానికోసారి తిరగెయ్యాలి. అయిదో రోజు ఆ పెద్దాయనే మళ్లీ వచ్చి వాసన చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

అపోహ: "ఊరి చెత్త ఎరువు చేనుకి విషం" (ఇంకొకరు: "యూరియా మానేసి ఇదే వేసుకోవచ్చు")

రెండూ తప్పే. కలిసిన చెత్తతో చేసిన ఎరువులో గాజు, సీసం, బ్యాటరీల మురికి చేరొచ్చు, ఆ భయం నిజమే. అందుకే ఎరువుల నియంత్రణ ఉత్తర్వుల్లో సిటీ కంపోస్టుకి హద్దులు పెట్టారు: సీసం కిలోకి 100 మిల్లీగ్రాములు దాటకూడదు, నత్రజని కనీసం 0.8 శాతం ఉండాలి. కొనేముందు ల్యాబ్ రిపోర్టు అడగండి, మొహమాటపడకండి. ఇక యూరియా సంగతి. 45 కిలోల బస్తాలో 46 శాతం లెక్కన దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. అంత నత్రజని కంపోస్టుతో ఇవ్వాలంటే రెండున్నర టన్నులు పైనే తోలాలి, అదీ నెమ్మదిగా విడుదలవుతుంది. కంపోస్టు నేలని గుల్లచేస్తుంది, తడిని పట్టి ఉంచుతుంది. దానిపని అది. మా సరుకు ఎక్కువగా కడియం వైపు నర్సరీలకే పోతుంది, కుండీల మట్టిలో కలపడానికి.

అపోహ: "ప్లాస్టిక్ అంతా రీసైకిల్ అవుతుంది."

నీళ్ల సీసా, పాల ప్యాకెట్టు అవుతాయి, కడిగి ఇస్తే పాతసామాన్ల కొట్టువాడు కూడా తీసుకుంటాడు. చిప్స్ ప్యాకెట్టు పొరలు పొరలుగా అంటించి ఉంటుంది, దాన్ని విడదీసే బేరం ఎవరికీ గిట్టదు, మహా అయితే సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలోకి పోతుంది. టీ పేపరు కప్పుకి కూడా లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది.

అపోహ: "కొబ్బరి బోండాలు తడి చెత్తేగా, పడెయ్యండి."

కోనసీమ చుట్టుపక్కల ఇది చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ముక్కలు కొట్టకుండా పోగులో వేస్తే ఏడాదైనా అలాగే ఉంటాయి, బయట పడేస్తే వాననీరు నిలిచి దోమలు. ష్రెడ్డర్ (ముక్కలు చేసే యంత్రం) ఉన్న యార్డుకి విడిగా ఇవ్వండి.

అపోహ: "ఇంట్లో బకెట్లో వేశాను, పురుగులు పట్టాయి, పాడైపోయింది."

లావుగా, గోధుమరంగులో చదునుగా ఉన్న పురుగులైతే చాలావరకు నల్ల సైనిక ఈగ పిల్లలే, మీ పని అవే చేసిపెడుతున్నాయి. చూడలేకపోతే కాస్త ఎండుటాకు పొడి వేసి కప్పండి. మా యార్డు పక్కింటి కోళ్లకి వాటి సంగతి మాకంటే ముందే తెలుసు, పొద్దున్నే మేం గేటు తీసేసరికి వరసలో ఉంటాయి.