మోచేతి పైన ఈకలు: ఆర్కియోప్టెరిక్స్ ఎగిరిందా అన్న పాత తగవు

2025 మే నెలలో ‘నేచర్’ పత్రికలో షికాగో ఫీల్డ్ మ్యూజియం శాస్త్రవేత్తల వ్యాసం వెలువడడంతో, దాదాపు 15 కోట్ల ఏళ్ల కిందటి ఆర్కియోప్టెరిక్స్ అనే తొలి పక్షి రెక్కలాడిస్తూ ఎగిరిందా, లేక ఎత్తు నుంచి గాలిలో జారుతూ దిగడమే దానికి చేతనయిందా అన్న తగవు మళ్లీ రాజుకుంది. 1861లో జర్మనీలోని బవేరియా సున్నపురాయిలో దాని ఈక బయటపడడం, డార్విన్ సిద్ధాంతానికి అది ఆసరా కావడం అందరూ చదువుకున్నవే. నేటి వాదం ఎక్కడ మలుపు తిరిగిందో తెలియాలంటే చూడవలసింది 2010.

ఆ ఏడాది రాబర్ట్ నడ్స్, గారెత్ డైక్ అనే శాస్త్రవేత్తలు ‘సైన్స్’ పత్రికలో ఈక నడిమి ఈనె మందాన్ని ముందుకు తెచ్చారు. ఆర్కియోప్టెరిక్స్ ఈనె నేటి పక్షులతో పోలిస్తే సన్నం. అది ఇప్పటి ఈకల్లాగే లోపల డొల్ల అయితే, రెక్క ఆడించేసరికి ఒంటి బరువుకు తాళలేక మడత పడిపోయేదన్నది వారి తీర్పు.

అప్పటిదాకా ఎగిరిందనేవారికి అండ 1979లో ఫెడూచియా, టోర్డాఫ్ అనే శాస్త్రవేత్తలు చూపిన సాక్ష్యం. నేల మీద రాలిన కాకి రెక్క ఈకను చేతిలోకి తీసుకుని చూస్తే, ఈనెకు ఒక పక్క అంచు సన్నగా, మరో పక్క వెడల్పుగా ఉంటుంది. గాలిని కోసుకుంటూ ముందుకు పోయే అంచు ఆ సన్నదే. ఎగరలేని పక్షుల ఈకల్లో రెండు పక్కలూ ఇంచుమించు సమానం. ఆర్కియోప్టెరిక్స్ ఈకలు కాకి తీరునే ఉన్నాయి.

ఆకారం గొప్పదా, బలం గొప్పదా అన్న ప్రశ్నను 2010 నాటి వ్యాసం లేవనెత్తింది కానీ, దాని కొలతలను అదే పత్రికలో వెంటనే ఇతరులు తప్పుపట్టారు. రాతిలో అణగిపోయిన ఈనెను మిల్లీమీటర్ల లెక్కన కొలిచి అంత పెద్ద తీర్పు ఇవ్వడం, నిజానికి, కాస్త సాహసమే. 2012లో లాంగ్రిచ్, వింతర్ బృందం పెద్ద ఈకల మొదళ్లను కప్పే పొడవాటి ఈకలు వరుస మీద వరుసగా పేరుకుని ఉన్నట్లు గమనించింది. ఒక్కో ఈక బలహీనమైనా పొరలన్నీ కలిస్తే రెక్క గట్టిపడుతుంది. 2018లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఉన్న సింక్రోట్రాన్ అనే భారీ యంత్రం వెలువరించే శక్తిమంతమైన ఎక్స్-కిరణాలతో రెక్క ఎముకలను పరీక్షించినవారు, నెమలి జాతి పక్షుల్లా కొద్ది దూరాలు ఎగిరి ఉంటుందన్నారు.

ఇప్పుడు ఫీల్డ్ మ్యూజియంకు చెందిన జింగ్‌మై ఓకానర్ బృందం చూపుతున్నది రెక్క కొసను కాదు, మొదలును. పావురమంత ఉన్న షికాగో నమూనాను ఏడాదికి పైగా శుభ్రం చేశారు; రాయితోపాటు మెత్తటి భాగాలు చెక్కుకుపోకుండా అతినీల కాంతిలో చూసుకుంటూ పని చేశారు. అందులో మోచేతికీ ఒంటికీ నడుమ మరో ఈకల వరుస కనిపించింది. ఆర్కియోప్టెరిక్స్ పై చేతి ఎముక పొడవు. అక్కడ ఖాళీ ఉంటే గాలి దానిగుండా పోయి, పైకి లేపే బలం తగ్గిపోతుంది. ఈ వరుస ఆ ఖాళీని మూస్తుంది. దగ్గరి బంధువులైన ఈకల డైనోసార్లలో ఈకలు మోచేతి దగ్గరే ఆగిపోతాయి.

ఎగరలేదనేవారికి మిగిలిన బలమైన వాదం ఎముకల్లో ఉంది: ఎగిరే కండరాలు పట్టుకునే రొమ్ము ఎముక గట్టు ఇంతవరకు దొరికిన ఏ నమూనాలోనూ కనిపించలేదు.