పెద్ద ఎల్, చిన్న ఎల్: కంపైల్ ఆగిపోవడం వెనుక కథ

విండోస్ ల్యాప్‌టాప్‌లో చక్కగా కంపైల్ అయిన, అంటే కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మారిన కోడ్ లినక్స్ సర్వర్ మీదికి వెళ్లగానే ఆగిపోతుంది. అలాంటి ఫైలే లేదంటుంది కంపైలర్. ఫోల్డర్ తెరిస్తే ఫైలు కళ్లెదుటే ఉంటుంది. గంటసేపు తల పట్టుకున్నాక గానీ సంగతి బయటపడదు: వేరే ఫైలును పిలిచే ఇన్‌క్లూడ్ లైన్‌లో పేరు పెద్ద ఎల్‌తో మొదలైంది, డిస్క్ మీది ఫైలు చిన్న ఎల్‌తో ఉంది. ఇలాంటప్పుడు టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లల మీద అజాగ్రత్త అనే ముద్ర పడుతుంటుంది. అది అన్యాయం. ఈ తగాదా వాళ్లు పుట్టకముందే, కంప్యూటర్‌తో మాట్లాడే టైపు మిషన్లు, అంటే టెలిటైప్‌ల రోజుల్లోనే మొదలైంది.

ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె కోడ్ ఇచ్చే ఆస్కీ ప్రమాణం తొలిసారి 1963లో వచ్చింది. అందులో చిన్న ఏబీసీడీలకు కోడ్‌లే ఇవ్వలేదు. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా కనిపించిన మోడల్ 33 టెలిటైప్ కొట్టేవన్నీ పెద్ద అక్షరాలే. 1967 సవరణలో చిన్నవీ చేరాయి: పెద్ద ఏ 65, చిన్న ఏ 97. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన, తర్వాత లినక్స్ బాటగా ఎంచుకున్న ఆపరేటింగ్ సిస్టమ్ యూనిక్స్ దృష్టిలో ఫైలు పేరంటే వరుసగా పేర్చిన బైట్లు, అంతే. 65 వేరు, 97 వేరు. కాబట్టి ఫైళ్లూ వేరు. అయినా పాత టెలిటైప్‌లవాళ్లను వదిలేయలేదు. లాగిన్ పేరు మొత్తం పెద్ద అక్షరాల్లో కొడితే, ఆ టెర్మినల్‌కు చిన్నవి రావని గ్రహించి, ఆపై కొట్టినవన్నీ తనే చిన్నవిగా మార్చుకునేది. ఆ ఓపిక చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

గ్యారీ కిల్డాల్ 1974లో రూపొందించిన సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ మరో దారి పట్టింది. ఏం కొట్టినా పేరును పెద్ద అక్షరాల్లోకి మార్చేసేది. 1981లో ఎంఎస్-డాస్ అదే పద్ధతి తీసుకుంది. విండోస్ 95 వచ్చేసరికి కొట్టిన పేరును కొట్టినట్టే దాచడం మొదలైంది, కానీ వెతికేటప్పుడు తేడా చూడదు. చూస్తే పాత ప్రోగ్రాములు ఆగిపోతాయి. మ్యాక్‌ది 1985 నాటి హెచ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లు దాచే పద్ధతి) నుంచీ ఇదే తీరు. మామూలు మనిషికి రెండూ ఒకే పేరు కదా! ఈ తేడాయే లేని తెలుగు లిపిలో అక్షరాలు దిద్దినవాళ్లకు ఆ వాదన ఇంకా తేలిగ్గా ఎక్కుతుంది.

లినక్స్ కెర్నల్ (దాని మూల భాగం) సోర్స్ కోడ్‌ను, కోడ్‌లో మార్పుల లెక్క రాసుకునే గిట్‌తో మ్యాక్‌లో క్లోన్ చేసినవాళ్లకు, అంటే నకలు దించుకున్నవాళ్లకు ఒక వింత ఎదురయ్యేది. ఏ ఫైలూ ముట్టుకోకముందే, కొన్ని ఫైళ్లు మారాయని గిట్ చూపించేది. నెట్‌వర్క్ రాకపోకలను వడకట్టే నెట్‌ఫిల్టర్ భాగం హెడర్లలో (ఇన్‌క్లూడ్ చేసే ఫైళ్లలో) కొన్ని జంటలున్నాయి: పేరు ఒకటే, ఒకదానిలో పెద్ద అక్షరాలు, ఇంకోదానిలో చిన్నవి. లినక్స్‌లో అవి పక్కపక్కనే ఉంటాయి. మ్యాక్‌లో ఒకటి వచ్చి ఇంకోదాన్ని తుడిచేస్తుంది.

2014 డిసెంబర్‌లో ఇదే తేడా భద్రతా లోపంగా బయటపడింది. గిట్ తన సొంత ఫోల్డర్ పేరు చిన్న అక్షరాల్లో ఉంటేనే అడ్డుకునేది. అదే పేరును పెద్ద జీతో పెట్టిన రిపోజిటరీని (గిట్ దాచే కోడ్ ఖజానాను) విండోస్‌లోనో మ్యాక్‌లోనో తెచ్చుకుంటే, అందులోని ఫైళ్లు అసలు గిట్ సెట్టింగుల మీదే పడి, దాడి చేసేవాళ్ల కమాండ్లు నడిచే వీలుండేది.

2018లో విండోస్ 10, కావాలంటే ఒక్కో ఫోల్డర్‌లో తేడా పాటించే వీలిచ్చింది. 2019లో లినక్స్ 5.2 దీనికి ఎదురు పని చేసింది: లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో తేడా చూడని ఫోల్డర్ పెట్టుకోవచ్చు, అదీ ఫోల్డర్ ఖాళీగా ఉంటేనే. డిఫాల్ట్‌లు మాత్రం ఎవరివి వాళ్లవే. విండోస్‌లో ఫైలు పేరులో చిన్న అక్షరాన్ని పెద్దది చేస్తే, మామూలు సెట్టింగుల్లో గిట్ ఈరోజుకీ గమనించదు. పేరు మార్చే గిట్ ఎంవీ కమాండ్‌తో మార్చి కమిట్ చేస్తేనే (మార్పును గిట్‌లో నమోదు చేస్తేనే) కొత్త పేరు లినక్స్ సర్వర్‌దాకా చేరుతుంది.