ఐక్యూ 95 వచ్చింది, పెద్దవాడే అన్నారు

పుణె కారు కేసులో నిందితుడైన మైనర్‌ను పెద్దవాడిగా విచారించాలని పోలీసులు పెట్టుకున్న పిటిషన్‌ను మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు 2025 జులై 15న కొట్టేసింది. 2024 మేలో కల్యాణీ నగర్‌లో పోర్షే కారు గుద్ది ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయిన కేసు ఇది. అప్పటి నుంచీ టీవీ చర్చల్లో ఒకటే ప్రశ్న: అంత స్పీడుగా వెళితే మనుషుల ప్రాణాలు పోతాయని పదిహేడేళ్ల వాడికి తెలియదా?

తెలుసు. అందులో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. మన చట్టం ఆచరణలో ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతోంది, గొడవంతా అదే.

నిర్భయ కేసు సంగతులు అందరికీ గుర్తున్నవే కాబట్టి క్లుప్తంగా. అందులోని మైనర్ మూడేళ్లు పూర్తిచేసుకుని 2015 డిసెంబర్ 20న బయటికొచ్చాడు. రెండు రోజులకే, పదహారు నిండినవాళ్లను ఘోర నేరాల్లో పెద్దవాళ్లుగా విచారించే వీలిచ్చే కొత్త జువెనైల్ జస్టిస్ బిల్లును రాజ్యసభ ఆమోదించింది. మైనర్ వయసు పరిమితి తగ్గించవద్దని నిర్భయ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013లోనే చెప్పింది, బిల్లును పరిశీలించిన పార్లమెంటు స్థాయీ సంఘమూ ఒప్పుకోలేదు. కానీ కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల ముందు కమిటీ నివేదికలు ఏపాటి?

2016 జనవరి 15న అమల్లోకి వచ్చిన ఆ చట్టంలో అసలు కీలకం 15వ సెక్షన్. పదహారు నిండినవాడి మీద ఘోర నేరం, అంటే కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్న నేరం, ఆరోపణగా వస్తే బోర్డు ప్రాథమిక మదింపు చేయాలి. ఆ నేరం చేసే శారీరక, మానసిక సామర్థ్యం ఉందా, పర్యవసానాలు అర్థం చేసుకోగలడా, ఏ పరిస్థితుల్లో చేశాడు అన్నవి చూడాలి. గడువు మూడు నెలలు. ఇందుకు సైకాలజిస్టుల సాయం 'తీసుకోవచ్చు' అని రాశారు.

ఆ 'వచ్చు' ఏం చేసిందో గురుగ్రామ్‌లో తేలింది. 2017 సెప్టెంబర్ 8న అక్కడి ఓ స్కూల్లో ఏడేళ్ల పిల్లాణ్ణి గొంతు కోసి చంపారు. పోలీసులు ముందు బస్సు కండక్టర్‌ను పట్టుకున్నారు. సీబీఐ రంగంలోకి దిగాక అదే స్కూల్లో చదివే పదహారేళ్ల కుర్రాణ్ణి అదుపులోకి తీసుకుంది. పరీక్షలు, పేరెంట్స్ మీటింగ్ వాయిదా పడాలని చేశాడన్నది సీబీఐ అభియోగం. అదే నిజమైతే ఆ కుర్రాడికి తెలివి తక్కువైందా, భయాన్ని తట్టుకునే శక్తి తక్కువైందా?

బోర్డు చూసింది తెలివినే. సైకాలజిస్టు పరీక్షలు పెడితే ఐక్యూ 95 వచ్చింది, అంటే మామూలు స్థాయి. ఆ పరీక్షలేమో అంతకన్నా చిన్న వయసు పిల్లల కోసం తయారైనవి. నివేదికలు చదువుకోవడానికి కుర్రాడి తరఫువాళ్లకు ఇచ్చిన సమయం అరగంట. 2017 డిసెంబర్‌లో పెద్దవాడిగానే విచారించాలని ఆదేశించారు. తర్వాతి ఏడాది పంజాబ్-హరియాణా హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. చనిపోయిన పిల్లాడి తండ్రి సుప్రీంకోర్టుకు వెళ్లారు.

2022 జులై 13న వచ్చిన సుప్రీంకోర్టు తీర్పును ఈ పదేళ్లలో అసలైన మలుపు అనాలి. నేరం చేయగల మానసిక సామర్థ్యం వేరు, పర్యవసానాలు అర్థం చేసుకునే శక్తి వేరు, రెండూ ఒకటేనని బోర్డు అనుకుంది అని జస్టిస్ దినేశ్ మహేశ్వరి, జస్టిస్ విక్రమ్ నాథ్ తప్పుపట్టారు. కౌమారంలో ఉన్నవాళ్లకు ప్రమాదం తెలిసే ఉంటుంది, అయినా ఆవేశమూ స్నేహితుల ప్రభావమూ నిర్ణయాన్ని లాక్కెళతాయి అని తీర్పులో రాశారు. బోర్డులో బాలల మనస్తత్వ నిపుణులు లేకపోతే బయటివారి సాయం తీసుకోవడం తప్పనిసరి అన్నారు. 'వచ్చు' కాస్తా 'తీరాలి' అయింది.

ఈ మాట కోర్టు గాల్లోంచి తీసింది కాదు. 2005లో అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వవేత్తలు 13 ఏళ్ల పిల్లల నుంచి 24 దాటిన పెద్దల దాకా కంప్యూటర్‌లో కారు ఆట ఆడించారు. పసుపు లైటు వెలుగుతుంది. ఇంకొంచెం ముందుకు వెళితే ఇంకొన్ని పాయింట్లు, మరీ ఆలస్యమైతే గోడకు గుద్దుకోవడమే. కొందరు ఒంటరిగా ఆడారు, కొందరు పక్కన ఇద్దరు స్నేహితులు ఉండగా ఆడారు. స్నేహితులు పక్కనుంటే కుర్రాళ్ల తెగింపు బాగా పెరిగింది. 24 దాటినవాళ్లలో పెద్ద తేడా రాలేదు. నాలుగేళ్ల తర్వాత స్టైన్‌బర్గ్ బృందం ఇంకో సంగతి తేల్చింది: ఆలోచించే శక్తిలో పదహారేళ్లవాడు పెద్దవాళ్లకు దగ్గరగానే ఉంటాడు, తనను తాను పట్టి ఆపుకోవడంలో మాత్రం ఇరవై దాటాక కూడా వెనకబడే ఉంటాడు.

2022 మేలో హైదరాబాద్ జూబ్లీహిల్స్ సామూహిక అత్యాచారం కేసు తీసుకోండి. అదీ గుంపుగా చేసినదే. నలుగురు మైనర్లను పెద్దవాళ్లుగా విచారించాలని అక్కడి బోర్డు సెప్టెంబర్‌లో తేల్చింది. గుంపులో ఉన్నారు కాబట్టి తప్పు తగ్గుతుందని ఎవరూ అనడం లేదు, బాధితురాలి వైపు నుంచి చూస్తే అలా అనడం అన్యాయం కూడా. కానీ ప్రశాంతమైన గదిలో కుర్చీ వేసి 'అది తప్పని తెలుసా బాబూ' అని అడిగితే 'తెలుసు సార్' అనే వస్తుంది. ఆ రోజు కారులో వాడి బుర్ర ఎలా పనిచేసిందో ఆ జవాబులో ఉండదు. కోపం వస్తే ఏం చేస్తాడు, నలుగురూ ఎగతాళి చేస్తే 'వద్దు' అనగలడా, ఎదుటి మనిషి భయం వాడికి కనబడుతుందా అన్నవి వేరే తీరుగా రాబట్టాలి. అందుకు రోజులు పడుతుంది, అనుభవం ఉన్న మనిషి కావాలి.

పుణె కేసు మొదట్లో 300 పదాల వ్యాసం రాయమని బెయిల్ ఇచ్చినందుకు దేశమంతా నవ్విపోయింది. శిక్ష చిన్నదని నవ్వారు. నాకు మాత్రం ఇంకోటి తోచింది: రోడ్డు భద్రత మీద ఏ కుర్రాడైనా చక్కటి వ్యాసం రాస్తాడు.

ఈ మదింపు ఎలా చేయాలన్నదానిపై సుప్రీంకోర్టు కోరిన మార్గదర్శకాలను జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లో ఇచ్చింది. గురుగ్రామ్ కుర్రాడికి అవి అందలేదు. తీర్పు వచ్చేసరికే అతనికి ఇరవై ఒకటి దాటింది, ఇప్పుడు పరీక్షించినా ఉపయోగం ఉండకపోవచ్చని కోర్టే అంది. 2022 అక్టోబర్‌లో బోర్డు మళ్లీ కూర్చుని, మళ్లీ పెద్దవాడిగానే విచారించాలంది.