ఫకరావా మొగలో ఏడు వందల సొరచేపలు

దక్షిణ పసిఫిక్‌లో ఫ్రెంచ్ పాలినీషియా దీవి తాహితి నుంచి ఈశాన్యంగా గంట పైచిలుకు ఎగిరాక విమానం కిటికీలోంచి ఫకరావా కనిపిస్తుంది. దాన్ని దీవి అనడానికి మనసొప్పదు. సముద్రం మీద ఎవరో జారవిడిచిన మొలతాడులా ఉంటుంది. మధ్యలో సుమారు 60 కిలోమీటర్ల పొడవు, 21 కిలోమీటర్ల వెడల్పున ఉప్పునీటి మడుగు, చుట్టూ సన్నని అంచు, అంచు మీద కొబ్బరిచెట్లు. నేల చాలాచోట్ల సముద్రానికి రెండు మూడు మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. కొండ లేదు, ఏరు లేదు.

ఒకప్పుడు కొండ ఉండేది. సముద్రం అడుగు నుంచి లేచిన అగ్నిపర్వతం అది. దాని ఒడ్డు చుట్టూ పగడాలు పట్టాయి. కొండ బరువుకీ, కింది నేల చల్లబడటానికీ ఏడాదికి వెంట్రుకవాసి చొప్పున కుంగుతుంటే, వెలుతురు కావాల్సిన పగడాలు మాత్రం తమ పాత అస్థిపంజరాల మీదే పైపైకి కట్టుకుంటూ పోయాయి. చివరికి కొండ మునిగింది, చుట్టూ కట్టిన గోడ మిగిలింది. ఈ ఆలోచన చార్లెస్ డార్విన్‌ది. విచిత్రమేమంటే, అసలైన పగడపు దిబ్బను కళ్లారా చూడకముందే, దక్షిణ అమెరికా పడమటి తీరంలో ఉండగానే ఆయనకిది తట్టింది. 1835 నవంబరులో, ఫకరావా కూడా ఉన్న ఈ తువామోతు దీవుల మీదుగా పోతూ ఓడ తెరచాప కొయ్యెక్కి చూశాడు. రుజువు దొరకడానికి వందేళ్లు దాటింది. 1952లో ఎనెవెటాక్ అనే మరో పగడపు వలయంలో బోరు వేస్తే, 1,200 మీటర్లకు పైగా పగడపు సున్నపురాయి దాటాక అగ్నిపర్వతపు నల్లరాయి తగిలింది.

ఇలాంటి దీవికి వెళ్లేవాళ్లు ఎక్కువగా తెల్లటి ఇసుక కోసమే వెళతారు. నన్నడిగితే అక్కడ చూడాల్సింది మొగ. గోదావరి సముద్రంలో కలిసే చోటుని మనవాళ్లు మొగ అంటారు కదా, అలాగే ఈ వలయంలో గోడ తెగి మడుగూ సముద్రమూ కలిసే చోట్లు ఫకరావాలో రెండున్నాయి. ఉత్తరాన గారువాయె, కిలోమీటరున్నర పైనే వెడల్పు. దక్షిణాన తుమాకొహువా, ఇరుకైనది. పోటులో సముద్రపు తేట నీళ్లు లోపలికొస్తాయి, పాటులో మడుగు నీళ్లు బయటికి పరుగెడతాయి. దీవి ఊపిరంతా ఈ రెండు సందుల్లోంచే.

దక్షిణపు మొగ పొడవు సుమారు కిలోమీటరు. జూన్, జులై నెలల్లో, అంటే అక్కడి చలికాలంలో, అందులో 700 దాకా బూడిదరంగు రీఫ్ (పగడపు దిబ్బ) సొరచేపలుంటాయి. బడి పుస్తకంలో ఆహార పిరమిడ్ బొమ్మ గుర్తుందా? అడుగున వెడల్పు, కొసన సన్నం. పులి ఒకటైతే జింకలు వందలు. ఇక్కడ ఆ బొమ్మ తలకిందులైంది, బరువు లెక్కన వేటాడేవే ఎక్కువ. మరి ఇన్నిటికి తిండెక్కడిది? 2016లో వచ్చిన ఒక పరిశోధన ఈ లెక్క తేల్చింది. తిండి నడిచొస్తుంది. సరిగ్గా ఆ నెలల్లోనే చుట్టుపక్కల దిబ్బల నుంచి 17,000 దాకా గ్రూపర్ చేపలు గుడ్లు పెట్టడానికి ఈ మొగకే చేరతాయి. మగవి వారాల తరబడి రాళ్ల మధ్య కాచుకుని ఉంటాయి. పున్నమి దగ్గర పడ్డాక గుడ్లు వదలడం మాత్రం క్షణాల పని. అది చూడాలని ఫ్రెంచి డైవర్ లోరాన్ బలెస్తా 2014లో ఇక్కడ 20 మీటర్ల లోతున ఏకబిగిన 24 గంటలు నీళ్లలోనే ఉన్నాడు.

ఇంకో ముచ్చట. ఈ సొర ఈత ఆపితే దానికి ఊపిరాడదు, నిద్రలోనైనా కదలాల్సిందే. అందుకని మొగలో ప్రవాహం వాలుకు కొట్టుకుని పైకి లేచే చోటు వెతుక్కుంటుంది. గాలిలో గద్ద రెక్క ఆడించకుండా తేలినట్టు, ఆ నీటి ఎగదోపు మీద తోక పెద్దగా ఆడించకుండా నిలుస్తుంది. కాసేపటికి వెనక్కి కొట్టుకుపోయాక మళ్లీ సొరల వరస మొదటికొచ్చి చేరుతుంది. ఇలా 10 నుంచి 15 శాతం శక్తి మిగులుతుందని 2021లో లెక్కగట్టారు.

సొరలు మిగలడానికి మనుషులూ కారణమే. 2006లోనే ఫ్రెంచ్ పాలినీషియా వాటి వేటను చాలావరకు ఆపేసింది, మినహాయించిన మాకో సొరనూ 2012లో చేర్చింది. ఫకరావాతో కలిపి 7 దీవులు యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతం. కానీ అంతకు ఎంతో ముందే పాలినీషియాలో రాహుయి అనే కట్టుబాటు ఉంది. ఫలానా చోట, ఫలానా రోజుల దాకా, ఫలానాది ముట్టకూడదు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట ఆపినట్టే అనుకోండి. కాకపోతే మనది సర్కారు జీవో, అది పుట్టుకతో ఊరి మాట.

ఏరు లేని చోట మంచినీళ్లెలా? వాన నీరు పగడపు ఇసుకలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద పలచటి పొరగా తేలుతుంది. సముద్ర మట్టానికి ఒక మీటరు పైన మంచినీరుంటే, కింద సుమారు 40 మీటర్లు ఉంటుందని సూత్రం. తువామోతు పూర్వీకులకు సూత్రం తెలియకపోయినా కిటుకు తెలుసు. ఆ తేమ తగిలే దాకా గుంతలు తవ్వి, రాలిన ఆకులూ అలములూ వేసి మగ్గబెట్టి, అందులో చేమదుంప పెంచారు. ఇప్పుడు ఇళ్లలో ఎక్కువగా రేకుల మీద వాన పట్టి ట్యాంకుల్లో నింపుకుంటారు.

విమానం దిగేది ఉత్తరాన రోతోవా ఊరి దగ్గర. దక్షిణపు మొగ పక్కన తెతామాను అనే పాత ఊరికి మడుగు పొడవునా పడవలో పోవాలి. నాలుగిళ్లు, పగడపు రాళ్లతో కట్టిన పాత చర్చి. మన కోస్తాలో గుల్లసున్నం కాల్చినట్టు వాళ్లు పగడం కాల్చి సున్నం చేసేవారు. వెళ్లే ఆలోచనుంటే టికెట్ కొనేముందు జూన్, జులై పున్నములు చూసుకోండి. నీళ్లలోకి ఎప్పుడు దిగాలన్నది మాత్రం పడవ నడిపేవాళ్లు చెబుతారు. పాటు వేళ దిగితే మొగ నేరుగా పసిఫిక్‌లోకి తోసేస్తుంది.