ఒకే పాయింట్ నంబర్ రెండుసార్లు: ఈ గొడవ ఎక్కడ మొదలైంది

భూమి సర్వేలో కొలిచిన ప్రతి చోటుకీ ఒక పాయింట్ నంబర్ ఉంటుంది. రెండు టీములు తెచ్చిన సర్వే ఫైళ్లు ఒకే జాబ్‌లోకి (ఒక పని కొలతలన్నీ ఉండే ఫైల్) ఎక్కిస్తుంటే సాఫ్ట్‌వేర్ మధ్యలో ఆగి, ఈ నంబర్ ఆల్రెడీ ఉంది, ఏం చేయాలి అని అడుగుతుంది, చాలామంది చదవకుండానే ఓకే కొట్టేస్తారు. ఆ ప్రశ్న వెనకాల ఎంత కథ ఉందో తెలిస్తే అలా కొట్టరు.

కొలతలు చేత్తో ఫీల్డ్‌బుక్‌లో రాసుకునే రోజుల్లో ఇది పెద్ద విషయం కాదు. రెండు పేజీల్లో రెండు 12లు ఉన్నా పక్కనే స్కెచ్, తేదీ, ఏ స్టేషన్ (పరికరం నిలబెట్టిన చోటు) మీంచి చూశారు అన్నీ ఉండేవి కాబట్టి మ్యాప్ గీసేవాళ్లకి ఏది ఏదో తెలిసిపోయేది. కంప్యూటర్ వచ్చాకే చిక్కొచ్చింది. 1960ల మొదట్లో ఎంఐటీలో చార్లెస్ మిల్లర్ వాళ్లు ఐబీఎం 1620 కంప్యూటర్ మీద నడిచే కోగో అనే ప్రోగ్రాం తయారు చేశారు, కోఆర్డినేట్ జామెట్రీ లెక్కలన్నీ అందులో పాయింట్ నంబర్లతోనే. ఆ మెషీన్ బేసిక్ మెమరీ 20,000 అంకెలు, అంతే. అలాంటి చోట పాయింట్‌కి పేరూ వివరణా అంటే కుదరదు కదా, ఒక నంబర్, ఆ నంబర్ దగ్గర నార్తింగ్ ఈస్టింగ్ (ఉత్తరానికి ఎంత, తూర్పుకి ఎంత అనే కోఆర్డినేట్లు), కొత్తది రాస్తే పాతది పోయినట్టే. తర్వాత వచ్చిన చాలా ప్రోగ్రాములు ఇదే పద్ధతి పట్టుకున్నాయి.

తర్వాత టోటల్ స్టేషన్లు (కోణం, దూరం కొలిచే పరికరాలు), డేటా కలెక్టర్లు (ఆ కొలతలు దాచుకునే చేతి కంప్యూటర్లు) వచ్చి నంబర్ దానంతటదే పెరగడం మొదలైంది. కొత్త జాబ్ అంటే మామూలుగా మళ్లీ 1 నుంచి. ఇద్దరు చెరో జాబ్ తెరిస్తే ఇద్దరి దగ్గరా 1 నుంచి 400 దాకా ఉంటాయి, తప్పు ఎవరిదీ కాదు.

దెబ్బ ఎక్కడ తగులుతుందంటే, 101 కంట్రోల్ పెగ్ (మిగతా కొలతలకి ఆధారంగా పాతిన గుర్తు) అనుకోండి. మధ్యాహ్నం ఎవరో ఒక ఫెన్సింగ్ మూలని 101గా ఓవర్‌రైట్ చేశారు. సాయంత్రం ఇంకొకరు నిజమైన 101 పెగ్ మీదే ఇన్‌స్ట్రుమెంట్ పెట్టారు, కానీ సాఫ్ట్‌వేర్ మాత్రం ఫెన్సింగ్ మూల కోఆర్డినేట్ తీసుకుంటుంది. అప్పుడు షాట్లన్నీ (అక్కడి నుంచి తీసిన కొలతలు) పక్కకి జరగడమే కాదు, బ్యాక్‌సైట్ అజిముత్ (ముందే తెలిసిన ఇంకో పాయింట్ వైపు దిశ) కూడా ఆ తప్పు కోఆర్డినేట్ నుంచే లెక్కేస్తుంది కాబట్టి మొత్తం తిరిగిపోతాయి కూడా. బ్యాక్‌సైట్ దూరం చెక్ చేస్తే అక్కడికక్కడే దొరికిపోయేది, హడావిడిలో అదే వదిలేస్తారు.

ఇక్కడే సాఫ్ట్‌వేర్లు రెండు దారులు పట్టాయి. సివిల్ 3డీలో డ్రాయింగ్‌కి ఒక నంబర్ ఒకే పాయింట్, ఇంపోర్ట్‌లో డూప్లికేట్ తగిలితే తర్వాతి ఖాళీ నంబర్ ఇవ్వాలా, ఆఫ్‌సెట్ కలపాలా, మెర్జ్ చేయాలా, ఓవర్‌రైట్ చేయాలా అని అడుగుతుంది. కార్ల్‌సన్‌లో పాయింట్ ప్రొటెక్ట్ (ఉన్న నంబర్ మీద చెప్పకుండా రాసేయకుండా కాపాడే సెట్టింగ్) ఆన్ చేసి పెట్టుకోవచ్చు. ట్రింబుల్, లైకా వైపు ఆలోచన వేరు, అదే పేరుతో మళ్లీ కొలిస్తే దాన్ని ఇంకో అబ్జర్వేషన్‌గా ఉంచుకోవచ్చు, చెక్‌గా దాచుకోవచ్చు, యావరేజ్ తీయొచ్చు. నా మటుకు ఫీల్డ్‌కి ఇదే సరైన పద్ధతి, ఒకే పెగ్‌ని రెండుసార్లు కొలవడం తప్పు కాదు, అది మన పనికి సాక్ష్యం. కాకపోతే రెండు వేరే పెగ్‌లకి ఒకే నంబర్ పడితే వాటినీ యావరేజ్ చేసే ప్రమాదం ఉంది, అందుకే తేడా ఎంతో చూడకుండా ఒప్పుకోకూడదు. మిల్లీమీటర్లలో ఉంటే అదే పెగ్ అయ్యుండొచ్చు, మీటర్లలో ఉంటే చాలావరకు వేరే పాయింటే, స్కెచ్ తీసి చూడాల్సిందే.

ఆఫ్‌సెట్ చాలామందికి ఇష్టం, రెండో టీముకి 1000 కలిపేస్తే 101 కాస్తా 1101 అవుతుంది, అయిపోయింది అనుకుంటారు. కానీ రా డేటా ఫైల్లో (ఫీల్డ్‌లో నేరుగా రికార్డయిన కొలతలు), ఫీల్డ్‌బుక్‌లో అది ఇంకా 101గానే ఉంటుంది, రేపు ఆ రా ఫైల్ మళ్లీ ప్రాసెస్ చేస్తే పాత 101 తిరిగొచ్చి కూర్చుంటుంది. అందుకే ఫీల్డ్‌కి వెళ్లేముందే కంట్రోల్‌కి ఒక రేంజ్, ఒక్కో టీముకి ఒక్కో రేంజ్ ఇచ్చేయడం మేలు.

అక్షరాలతో కూడిన నంబర్లు ఒప్పుకునే సాఫ్ట్‌వేర్లు వచ్చాక ఇంకో కొత్త రకం చిక్కు మొదలైంది. టెక్స్ట్‌గా చూస్తే 101, 0101 రెండూ వేరు, కాబట్టి డూప్లికేట్ ఉన్నా హెచ్చరిక రాదు, అదే ఫైల్‌ని అంకెలు మాత్రమే తెలిసిన ప్రోగ్రాంలోకి తీసుకెళ్తే రెండూ ఒకటైపోతాయి.