ప్యాసేజీని ముందుకే చదవండి

ధవళేశ్వరం

పిల్లలూ,

మొన్న ఫోన్లో అమ్మలు ఒక మాట చెప్పింది. "తాతయ్యా, ఇంగ్లిష్ మాక్ టెస్టుల్లో ప్యాసేజీల దగ్గరే మార్కులు పోతున్నాయి. చదువుతుంటే అర్థమైనట్టే ఉంటుంది. ఆప్షన్లు చూసేసరికి నాలుగూ కరెక్టే అనిపిస్తాయి" అంది. మీ ముగ్గురి పరిస్థితీ అదేనట. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ పాఠం చెప్పాను, ప్రతి బ్యాచ్‌లోనూ ఈ మాట విన్నాను. ఫోన్లో చెబితే సగం మరిచిపోతారని ఉత్తరం రాస్తున్నాను.

మీరు రాయబోయేది సీయూఈటీ, అంటే కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీట్లకు జరిగే ఉమ్మడి ప్రవేశపరీక్ష. 2022లో అది మొదలైనప్పటినుంచి ఢిల్లీ యూనివర్సిటీ రెగ్యులర్ డిగ్రీ సీట్లు ప్రధానంగా దాని మార్కులమీదే ఇస్తున్నారు. 2025లో మార్చిన పద్ధతి ప్రకారం ఒక్కో పేపర్‌లో 50 ప్రశ్నలు, 60 నిమిషాలు, ఛాయిస్ లేదు. సరైన జవాబుకు 5 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. ఇంగ్లిష్ సిలబస్‌లో ప్యాసేజీలు మూడు రకాలని రాసి ఉంటుంది: సమాచారం చెప్పేది, కథనంగా సాగేది, సాహిత్యానికి సంబంధించింది. ఒక్కోటి 300 నుంచి 350 పదాలకు మించదు. అంటే మన దినపత్రికలో ఒక చిన్న వ్యాసమంత. అంత చిన్నదానికి ఎందుకు ఇంత టెన్షన్ పడుతున్నారో నాకు తెలుసు. మీకు పదాలు రాక కాదు. మీ కళ్లు వెనక్కి పోతున్నాయి.

ఈ వాక్యం చూడండి: ద గర్ల్ హూ లివ్స్ నియర్ ద కెనాల్ సోల్డ్ ద బుక్ దట్ హర్ ఫాదర్ హాడ్ గివెన్ హర్. దీన్ని తెలుగులో రాయమంటే "కాలువ దగ్గర ఉండే అమ్మాయి వాళ్ల నాన్న ఇచ్చిన పుస్తకాన్ని అమ్మేసింది" అని రాస్తారు. తప్పేం లేదు. కానీ ఆ తెలుగు వాక్యం కట్టడానికి మీ కళ్లు ఎన్నిసార్లు ముందుకీ వెనక్కీ తిరిగాయో గమనించారా? తెలుగులో వివరం ముందొస్తుంది, మనిషి తర్వాత వస్తుంది, జరిగిన పని చివర్లో వస్తుంది. ఇంగ్లిష్‌లో మనిషి ముందు, వివరం వెనక, పని మధ్యలో. ప్రతి వాక్యాన్నీ మనసులో తెలుగు చేసుకుంటూ పోతే చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికి రావాలి. చిన్న వాక్యమైతే పర్వాలేదు. ముప్పై పదాల వాక్యాలు వరసగా నాలుగు వస్తే, నాలుగోది ముగిసేసరికి మొదటిది మరిచిపోతారు.

మరి తెలుగు పిల్లలు ఏం చెయ్యాలి? మీ అమ్మమ్మ పక్కింటావిడతో మాట్లాడే పద్ధతి గుర్తు తెచ్చుకోండి. "ఆ అమ్మాయి లేదూ, కాలువ గట్టున ఉంటుందే, పుస్తకం అమ్మేసిందట, వాళ్ల నాన్న ఇచ్చిందట అది." చూశారా, ఇంగ్లిష్ వాక్యం వరస అచ్చంగా అదే. రాసే తెలుగులో కుదరనిది మాట్లాడే తెలుగులో హాయిగా కుదురుతుంది. కాబట్టి వాక్యాన్ని ముక్కలుగా తీసుకోండి. పెన్సిల్‌తో ముక్కకీ ముక్కకీ మధ్య గీత పెట్టండి. ఒక ముక్క అర్థమయ్యాకే రెండోదానికి వెళ్లండి, వెళ్లాక మాత్రం వెనక్కి రావద్దు. మొదటి వారం నెమ్మదిగా సాగుతుంది, విసుగొస్తుంది. పదిహేను ఇరవై రోజులు పట్టు వదలకపోతే గీతలు లేకుండానే కళ్లు ముక్కలు పట్టుకుంటాయి. నా దగ్గర చదివిన పిల్లల్లో, పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లిష్‌లో నాలుగు మాటలు మాట్లాడటానికి భయపడినవాళ్లు కూడా ఈ పద్ధతిలో ప్యాసేజీలు చక్కగా చదవగలిగారు. చదవడం వేరు, మాట్లాడటం వేరు. రెండోది రాలేదని మొదటిదానికి భయపడకండి.

ఇంకో చిన్న సంగతి. ఇంగ్లిష్‌లో 'ఎ', 'ద' లాంటి మాటలకు తెలుగులో సమానమైనవి లేవు. అందుకే మన కళ్లు వాటిమీదనుంచి జారిపోతాయి. 'ఎ ఫ్యూ స్టూడెంట్స్' అంటే కొందరు విద్యార్థులు. ఉత్త 'ఫ్యూ స్టూడెంట్స్' అంటే దాదాపు ఎవరూ లేరన్నంత తక్కువ మంది. ఒక్క అక్షరంతో అర్థం తిరగబడింది. 'లిటిల్', 'ఎ లిటిల్' కూడా అంతే. ప్రశ్నలో 'నాట్', 'ఎక్సెప్ట్' ఉంటే దాన్ని రఫ్ కాగితంమీద రాసిపెట్టుకోండి, లేకపోతే ఆప్షన్లు చదివే హడావిడిలో అది మరిచిపోతారు.

ఇక ఆప్షన్లు. మా ఊరి ఆనకట్టనే ఉదాహరణగా తీసుకుని నేనే ఒక ముక్క రాశాను. ప్యాసేజీలో ఇలా ఉందనుకోండి: "1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలోని ఎన్నో గ్రామాలకు కాలువ నీరు అందింది. అయితే మెరక భూముల రైతులు మాత్రం ఇంకా వానమీదే ఆధారపడ్డారు." దీన్నిబట్టి ఏం తెలుస్తోందని ప్రశ్న. మొదటి ఆప్షన్: ఆనకట్టవల్ల రైతులందరికీ కాలువ నీరు అందింది. రెండోది: కాటన్ దొరను గోదావరి ప్రజలు నేటికీ తలుచుకుంటారు. మూడోది: మెరక భూముల రైతులు ఆనకట్టను వ్యతిరేకించారు. నాలుగోది: ఆనకట్టతో కలిగిన మేలు అందరికీ ఒకేలా దక్కలేదు.

మొదటిదాంట్లో 'ఎన్నో' కాస్తా 'అందరూ' అయిపోయింది. మూడోది ప్యాసేజీలోని మాటలే వాడుకుని, అక్కడ లేని గొడవను తెచ్చిపెట్టింది. అసలు ప్రమాదం రెండోది. అది నిజం. ఆ ఆనకట్ట కట్టించింది కాటన్ దొరే, మా ఊళ్లో ఆయన పేరిట మ్యూజియమే ఉంది. చిన్నప్పటినుంచి విన్నారు కాబట్టి మీ చెయ్యి దానిమీదకే పోతుంది. కానీ ప్యాసేజీ ఆ మాట చెప్పలేదు, కాబట్టి అది జవాబు కాదు. నాలుగోదాంట్లో ప్యాసేజీలోని వాక్యం ఒక్కటీ లేదు, అర్థం మాత్రం సరిగ్గా అదే. పరీక్షలో చాలాసార్లు సరైన జవాబు ఇలాగే వేరే మాటల్లో వస్తుంది, తప్పు జవాబులే ప్యాసేజీ మాటల్ని వేసుకుని వస్తాయి. అందుకని టిక్ పెట్టేముందు ఒక్కటే చూసుకోండి: ఈ జవాబుకు ఆధారమైన వాక్యంమీద వేలు పెట్టి చూపించగలనా? చూపించలేకపోతే వదిలెయ్యండి, అది ఎంత మంచి మాటైనా సరే. 'అయితే', 'కానీ' అనే 'హవెవర్', 'బట్', 'ఆల్‌దో' ఉన్నచోట కాస్త ఆగండి. ప్రశ్న తయారుచేసేవాళ్లు ఎక్కువగా అక్కడే ఆగుతారు.

ముందు ప్రశ్నలు చదవాలా, ప్యాసేజీ చదవాలా అని అడిగారు. 350 పదాలు చదవడానికి రెండు నిమిషాలు, మహా అయితే రెండున్నర. కాబట్టి ముందు ప్యాసేజీనే ఒకసారి పూర్తిగా చదవండి. ఆప్షన్లు ముందుగా చూస్తే అందులోని తప్పు మాటలే మనసులో కూర్చుంటాయి.

రెండు ఆప్షన్లు తీసేసి మిగతా రెంటిమధ్య తేల్చుకోలేకపోతే ఖాళీగా వదలకండి. అలాంటివి నాలుగు ఉన్నాయనుకుందాం. రెండు ఒప్పయితే 10 మార్కులు, రెండు తప్పయితే 2 పోతాయి, ఇంకా 8 మిగులుతాయి. కోతకు భయపడి వదిలేస్తే ఆ ఎనిమిదీ రావు.

రోజూ ఒక్క ప్యాసేజీ చాలు. ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల ఇంగ్లిష్ పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, వాటిలోంచి రెండు మూడు పేరాలు తీసుకోండి. పత్రికల సంపాదకీయాలు కూడా మంచివే. చదివాక మూసేసి, అందులో ఏముందో తెలుగులో రెండు వాక్యాల్లో పక్కవాళ్లకు చెప్పండి. చదివేటప్పుడు తెలుగు చేసుకోవద్దన్నాను గానీ, చదివాక చెప్పేటప్పుడు తెలుగును మించిన పరీక్ష లేదు. చెప్పలేకపోతే అర్థం కాలేదన్నమాటే. తెలియని పదం వస్తే వెంటనే డిక్షనరీ తియ్యకండి, చుట్టూ ఉన్న మాటల్నిబట్టి ఊహించి, ప్యాసేజీ అయ్యాక సరిచూసుకోండి. చివరి నెలలో మాత్రం అన్నీ కంప్యూటర్‌మీదే చదవండి. అసలు పరీక్ష తెరమీదే ఉంటుంది, అక్కడ పెన్సిల్ గీతలుండవు.

ఈ వారం మీ ముగ్గురికీ ఒక పని. తలా ఒక పేరా తీసుకుని, దానికి మీరే ఒక ప్రశ్న, నాలుగు ఆప్షన్లు తయారుచెయ్యండి. మూడు తప్పు ఆప్షన్లూ మూడు రకాలుగా ఉండాలి: ఒకటి 'ఎన్నో'ను 'అందరూ' చేసింది, ఒకటి నిజమే అయినా ప్యాసేజీలో లేనిది, ఒకటి ప్యాసేజీ మాటలతోనే మెలిక పెట్టింది. ఒకరిది ఒకరు మార్చుకుని జవాబులు రాయండి. ఆదివారం పొద్దున్న పదింటికి ఫోన్ దగ్గరే కూర్చుంటాను, ఎవరి తప్పు ఆప్షన్‌కు ఎవరు దొరికిపోయారో నాకు చెప్పాలి.

మీ తాతయ్య